సరస్సు కన్య – మూడు దెబ్బలు

ఊర్వశీ పురూరవుల కథ మనకు క్రొత్త కాదు. దేవకాంత మానవుని వరించుట, ఒక నియమము విధించుట, మానవుడు ఆ నియమమును తప్పుట, ఆమె మఱలిపోవుట – ఈ నాలుగు మెట్ల కథ ఋగ్వేదకాలమునుండి మన దేశమున వినబడుచున్నది. ఇట్టి కథయే వేలకొలది మైళ్ల దూరమున, బ్రిటిషు ద్వీపమునకు పడమటి అంచుననున్న వేల్సు దేశమున, ఒక కొండసరస్సు ఒడ్డున వెలసినది. అచ్చటి పల్లెప్రజలు దానిని తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. ఆ కథలో మాట తప్పినవాడు దుష్టుడు కాడు, మోసగాడును కాడు. భార్యను ప్రాణముగా చూచుకొన్నవాడే తాను ఎఱుగకుండ మాట తప్పెను. కథ యొక్క బలమంతయు అందే యున్నది.

దక్షిణ వేల్సులో కార్మార్థెన్ మండలమున ‘నల్లకొండ’ యను పర్వతపంక్తి కలదు. దాని ఉత్తరపు వాలున, సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల యెత్తున, లిన్ అ వాన్ వాఖ్ అను చిన్న సరస్సు ఉన్నది. ‘చిన్న శిఖరపు సరస్సు’ అని దాని పేరునకు అర్థము. పూర్వము హిమానీనదములు తొలిచిన పల్లమున నీరు నిలిచి ఏర్పడిన సరస్సు అది. వెనుక ఎఱ్ఱరాతి కొండచఱియ గోడవలె నిట్టనిలువుగా లేచియుండును. చెట్టు చేమ తక్కువ. గడ్డి, గాలి, గొఱ్ఱెలు మాత్రమే అచ్చటి సంపద. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ నీటిని లనెల్లి పట్టణమునకు అందించుటకై దానికి కట్ట కట్టిరి. మనస్సాక్షి ఒప్పక యుద్ధమునకు పోనిరాకరించిన యువకులచేత ఆ పని చేయించిరి. కట్ట వచ్చినను, కాలము మాఱినను, సరస్సు చూడవచ్చినవారు మొదట అడుగునది ఆ నీటిలోనుండి వచ్చిన కన్యను గూర్చియే.

రొట్టె పరీక్ష

12వ శతాబ్దాంతమున ఆ కొండ దాపున బ్లైన్‌సౌదె అనుచోట ఒక వితంతువు ఉండెడిది. వేల్సు రాజుల పోరాటములలో ఆమె భర్త మరణించెను. మిగిలినది ఒక్కడే కుమారుడు. తల్లి కష్టించి పశుసంపదను వృద్ధి చేసెను. మందలు పెరిగి ఊరి బీడు చాలకపోగా, కొన్నింటిని కొడుకు వెంట కొండమీది సరస్సు ఒడ్డునకు మేతకు పంపుచుండెడిది.

ఒకనాడు ఆ యువకుడు నీటి అంచున నడచుచుండగా, సరస్సు ఉపరితలమున ఒక కన్య కూర్చుండి, నిశ్చలమైన నీటినే అద్దముగా చేసికొని తల దువ్వుకొనుచుండెను. అతడు మాటరాక నిలిచిపోయెను. తన చేతనున్నదేమో చూచుకొనెను: తల్లి కట్టి యిచ్చిన యవల రొట్టె, జున్ను. వానినే చాచి చూపెను. కన్య నెమ్మదిగా దగ్గఱకు వచ్చి, చూచి, నీ రొట్టె మిక్కిలి గట్టిగా కాలినది, నన్ను పట్టుకొనుట అంత సులభము కాదు అని పలికి నీటిలో మునిగెను.

ఆ రాత్రి కొడుకు తల్లితో జరిగినదంతయు చెప్పెను. “నాయనా! గట్టి రొట్టెలోనే ఏదో మర్మమున్నది. రేపు కాల్చని పిండిముద్ద తీసికొనిపొమ్ము” అని తల్లి సలహా యిచ్చెను. మఱునాడు అతడట్లే చేసెను. కన్య వచ్చి, ఇది పచ్చిపిండి, నిన్ను నేనొల్లను అని చెప్పెను. కాని మునుగునప్పుడు ఒక చిఱునవ్వు నవ్వెను. ఆ నవ్వు అతని ఆశను నిలిపెను. మూడవనాడు తల్లి సగము కాలిన రొట్టె చేసి యిచ్చెను. గట్టిదియు కాదు, పచ్చిదియు కాదు. ప్రొద్దున వచ్చినవాడు ప్రొద్దుగ్రుంకువఱకు కాచుకొనియుండెను. పశువులు కొండచఱియల మీదికి పోయినను అతడు గమనింపలేదు. తుదకు, ఇక మఱలిపోవుదమనుకొనుచుండగా, నీటిమీద కొన్ని ఆవులు నడచివచ్చుచుండుట కనబడెను. వాని వెనుక కన్య వచ్చుచుండెను. ఈసారి ఆమె రొట్టె స్వీకరించెను. అతనిని వరించుటకును అంగీకరించెను.

కాని ఒక నియమము చెప్పెను. కారణము లేకుండ మూడుసార్లు తనను కొట్టినచో, మూడవ దెబ్బతో తాను శాశ్వతముగా విడిచిపోవుదునని ఆమె మాట. యువకుడు నవ్వి యుండును. ఇట్టి భార్యపై చేయి యెత్తువాడెవ్వడు? వెంటనే మాట యిచ్చెను.

ఇంతలో ఆమె నీట మునిగి మాయమయ్యెను. అతడు దుఃఖము పట్టలేక తానును సరస్సులో దుముకబోవుచుండగా, మహాకాయుడైన ఒక వృద్ధుడు ఇద్దఱు కన్యలను వెంటబెట్టుకొని నీటినుండి వెలువడెను. ఇరువురును ఒక్క అచ్చున పోసినట్లుండిరి. “నీవు ప్రేమించినది ఎవతెయో చెప్పుము. తప్పక గుర్తించినచో నీకిత్తును” అని వృద్ధుడు పలికెను. యువకుడు ఎంత పరికించినను భేదము కానరాలేదు. నిరాశ చెందుచుండగా ఒకతె తన పాదమును రవంత ముందునకు జరిపెను. చెప్పు త్రాళ్లు ముడివేసిన తీరు ఒకటి వేఱుగా ఉండుటను అతడు చూచి, ఆమె చేయి పట్టుకొనెను.

తండ్రి సంతసించి కట్నము ప్రకటించెను: ఒక్క ఊపిరిలో ఆమె ఎన్ని గొఱ్ఱెలను, ఆవులను, మేకలను, గుఱ్ఱములను లెక్కింపగలదో అన్నియు ఆమెవే. కన్య తెలివైనది. నూటివఱకు లెక్కింప యత్నింపక, ‘ఒకటి రెండు మూడు నాలుగు ఐదు’ అని అయిదేసిగా తిరిగి తిరిగి లెక్కించెను. పెద్ద సంఖ్యల పేర్లు పొడుగు, ఊపిరి పొట్టి. గణితమును ఊపిరితో కొలిచిన ఈ ఉపాయము విద్యార్థులు స్వయముగా పరీక్షించి చూడదగినది. లెక్కించినన్ని జంతువులును నీటినుండి నడచివచ్చెను.

మూడు దెబ్బలు

దంపతులు మద్వై గ్రామమునకు సుమారు మైలు దూరముననున్న ఎస్‌గైర్ లైత్‌డీ అను పొలమున కాపురము పెట్టిరి. ‘పాడియింటి గట్టు’ అని ఆ పేరునకు అర్థము. సిరిసంపదలు పెరిగెను, ముగ్గురు కుమారులు కలిగిరి. ఏండ్లు సుఖముగా గడచెను.

ఒకనాడు ఇరుగుపొరుగున ఒక శిశువునకు నామకరణోత్సవము. దారి దూరమని ఆమె వెళ్లుటకు జంకెను. “పొలములోని గుఱ్ఱమును పట్టుకొనిరమ్ము” అని భర్త చెప్పెను. “ఇంట మఱచిన నా చేతితొడుగులు తెచ్చినచో పట్టెదను” అని ఆమె బదులు చెప్పెను. అతడు తొడుగులు తెచ్చునప్పటికి ఆమె అచ్చటనే నిలిచియుండెను. పరిహాసముగా తొడుగుతో భుజము తట్టి, “పద, పద” అనెను. ఆమె ముఖము మాఱిపోయెను. “ఇది మొదటి దెబ్బ. ఇకనైనను జాగ్రత్త” అని చెప్పెను.

మఱికొంత కాలమునకు ఒక పెండ్లికి వెళ్లిరి. అందఱును నవ్వుచు, పాడుచు ఉండగా ఆమె వెక్కివెక్కి యేడ్వసాగెను. భర్త సిగ్గుపడి, మెల్లగా భుజము తట్టి, కారణమడిగెను. “వీరు కష్టములలో అడుగిడుచున్నారు. నీ కష్టములును మొదలగునట్లున్నవి, ఇది రెండవ దెబ్బ” అని ఆమె చెప్పెను.

నాటినుండి అతడు కడు మెలకువగా నుండెను. పిల్లలు పెద్దవారైరి. ఒక మరణము సంభవింపగా ఇరువురును ఆ యింటికి వెళ్లిరి. అందఱును దుఃఖించుచుండగా ఆమె గట్టిగా నవ్వెను. భర్త గతుక్కుమని, ఆమెను తాకి, “ఊరకుండుము, నవ్వకుము” అనెను. “మరణించినవారు కష్టములనుండి బయటపడుదురు గనుక నవ్వితిని” అని చెప్పి ఆమె లేచెను. “మూడవ దెబ్బయు పడినది. సెలవు” అని వెలికి నడచెను.

ఆమె పొలమునకు పోయి పశువులను రంగులనుబట్టి, మచ్చలనుబట్టి పేరుపేరున పిలిచెను. అన్నియు వెంట నడచెను. కోసి కొంకికి వ్రేలాడదీసిన నల్లని దూడ సైతము ప్రాణము వచ్చి క్రిందికి దిగెను. దుక్కి దున్నుచున్న నాలుగు బూడిదరంగు ఎద్దులు నాగలిని లాగుకొనుచునే బయలుదేఱెను. సుమారు ఆఱు మైళ్ల దూరము నడచి అందఱును సరస్సులో మునిగిరి. నాగలి గీచిన చాలు మాత్రము కొండపై మిగిలినదని ప్రజలు చెప్పుకొనిరి.

చట్టపు దెబ్బ, మనసు దెబ్బ

‘కారణము లేని దెబ్బ’ యను మాట కథకుడు ఊరక వాడినది కాదు. 950లో మరణించిన హవెల్ దా అను రాజు పేరిట వేల్సు దేశపు ప్రాచీన ధర్మశాస్త్రము ప్రసిద్ధము. దాని వ్రాతప్రతులు 13వ శతాబ్దినుండి లభించుచున్నవి. భర్త భార్యను కొట్టుటకు మూడు కారణములను మాత్రమే ఆ శాస్త్రము అంగీకరించినది: తనకు అధికారము లేని వస్తువును ఆమె దానము చేయుట, పరపురుషునితో పట్టుబడుట, భర్త గడ్డమునకు అవమానము కోరుట. ఈ మూడును లేక కొట్టినచో అవమానపరిహారము చెల్లింపవలసియుండెను. నేటి దృష్టికి ఇది న్యాయము కాదు. కారణముండిన కొట్టవచ్చునని ఒప్పుకొనుటయే అన్యాయము. కాని కథ విన్న పూర్వులకు సరస్సు కన్య విధించిన నియమము ఎఱిగిన న్యాయభాషలోనే వినబడియుండును.

అయినను చట్టమునకును కన్యకును కొలతలు వేఱు. చట్టము దెబ్బకు వెల కట్టినది. ఆమె ఆ దెబ్బ ఏల పడినదో చూచినది. మూడు సందర్భములను ఒకచో చేర్చి చూడుడు: నామకరణము, వివాహము, మరణము. మనుష్యజీవితమందలి మూడు ముఖ్యఘట్టములును అవియే. మూడింటను భర్త కోరినది ఒక్కటే – నలుగురితో పాటు కదలవలెను, నలుగురు నవ్వినప్పుడు నవ్వవలెను, నలుగురు ఏడ్చినప్పుడు ఏడ్వవలెను. ఆమె చూపు వేఱు. పెండ్లిలో రాబోవు బరువును, మరణములో తీఱిన బరువును ఆమె చూచెను. ఆ చూపునకు ఆకర్షింపబడియే అతడామెను వరించెను. పదిమందిలో ఆ చూపునకే సిగ్గుపడెను. చేయి మెత్తనిదే. కాని ప్రతిసారియు అది ‘నీవు నీవుగా నుండవలదు’ అని చెప్పినది.

తరగతిలో అందఱివలె బదులు చెప్పని బాలుని వీపుమీద ఉపాధ్యాయుడు ప్రేమతోనే తట్టును, తల్లిదండ్రులును అంతే. ఆ తట్టు తట్టినవానికి గుర్తుండదు. పడినవాని లెక్కలో మాత్రము చేరియుండును.

మాట తప్పిన తీరులు

ఇట్టి కథలు ఎన్ని యున్నను, మాట తప్పిన తీరు ఒక్కొక్కచోట ఒక్కొక్కటి. శతపథ బ్రాహ్మణమున పురూరవుడు స్వయముగా తప్పలేదు, గంధర్వులు తప్పించిరి. ఊర్వశి మంచమునకు కట్టుకొన్న గొఱ్ఱెపిల్లలను వారు అపహరింపగా, వస్త్రము ధరించుటకైనను ఆగక అతడు లేచి పరుగెత్తెను. గంధర్వులు మెఱుపు మెఱపించిరి. చూడరానిది చూచి ఊర్వశి మాయమయ్యెను.

ఫ్రాన్సు దేశమున 1393 ప్రాంతమున ఝాన్ దారాస్ అను రచయిత మెలుసీన్ కథను గ్రంథస్థము చేసెను. శనివారమున తనను చూడవలదని ఆమె కోరగా, భర్త రెమోందాఁ అనుమానమునకు లొంగి రంధ్రమునుండి తొంగిచూచెను. అప్పుడామె ఓర్చుకొనెను. కాని తరువాత కోపమున అందఱి యెదుట ఆమెను సర్పమని నిందింపగా, ఆమె నిలువలేక యెగిరిపోయెను.

నన్నయ్య తెనిగించిన ఆదిపర్వమున శంతనుని కథ మఱియొక తీరు. ఏమి చేసినను అడ్డు చెప్పనని గంగకు అతడు మాట యిచ్చెను. ఏడుగురు బిడ్డలు నీటి పాలయినను నోరు మెదపలేదు. ఎనిమిదవ బిడ్డను కాపాడుటకు మాట తప్పెను. అచ్చట మాట నిలుపుకొన్నంత కాలము తప్పు పెరిగినది. మాట తప్పుటయే ధర్మమైనది.

మోసమువలన తప్పినవాడొకడు, అనుమానమువలన తప్పినవాడొకడు, దయవలన తప్పినవాడొకడు. మద్వై రైతు ఏమఱుపాటువలన తప్పెను. మన యిండ్లలో నిత్యము జరుగునది ఈ కడపటి తీరే.

ఉత్తర వేల్సులో ఇదే కథకు వేఱు పాఠములు కలవు. అందు దెబ్బకు మాఱుగా ఇనుము వచ్చును: భర్త గుఱ్ఱమునకు కళ్లెము వేయబోవగా అది పొరపాటున భార్యకు తగులును, ఆమె మాయమగును. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున తొలి కెల్టిక్ భాషాచార్యుడైన సర్ జాన్ రీస్ ఇట్టివానిని ఎన్నింటినో సేకరించి 1901లో ప్రకటించెను. ఇనుము ఎఱుగని ప్రాచీన జాతుల స్మృతి ఇందున్నదని ఒక కాలమున పండితులు తలచిరి. నేడు ఆ ఊహను అంతగా ఆదరింపరు.

మిగిలినది

తల్లిని వెదకుచు ముగ్గురు కుమారులును సరస్సు ఒడ్డున తిరుగాడుచుండిరి. ఒకనాడు ‘వైద్యుల ద్వారము’ అని నేడు పిలుచు చోట ఆమె పెద్దవాడైన రివాలన్‌కు కనబడెను. రోగుల బాధలు తీర్చుటయే నీ ధర్మము అని చెప్పి, ఔషధయోగములున్న సంచి యొకటి అతనికిచ్చెను. మఱియొకప్పుడు ‘వైద్యుల లోయ’ యను చోట కుమారులతో నడచి, అచ్చట మొలచిన మూలికలను చూపి, వాని గుణములు బోధించెను.

ఇచ్చట కథ చరిత్రను కలిసికొనును. రివాలన్ కల్పితుడు కాడు. ఆ వైద్యుడును, అతని కుమారులు కడూగన్, గ్రిఫిద్, ఐనియన్ లును 13వ శతాబ్ది తొలిభాగమున దినెవర్ ప్రభువైన రీస్ గ్రిగ్ ఆస్థానమున నుండిరి. వారు వ్రాయించిన చికిత్సలని చెప్పబడు వైద్యగ్రంథము 1382 తరువాత వ్రాయబడిన ‘హెర్గెస్ట్ ఎఱ్ఱ గ్రంథము’న చేరియున్నది. ఆ గ్రంథము ఆక్స్‌ఫర్డునందలి జీసస్ కళాశాలది. బాడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఇందలి చికిత్సలలో చాలభాగము ఆనాటి ఐరోపాయందంతటను వాడుకలోనున్న లాటిను వైద్యముతో పోలియున్నది. సరస్సు కన్య ప్రసక్తి మాత్రము అందు లేదు. విద్య గ్రంథమున నిలిచినది. తల్లి జనుల నోట నిలిచినది. 1841లో మద్వై ప్రాంతపు వారు చెప్పగా వ్రాసికొన్న కథను, వైద్యగ్రంథమును ఒకచో చేర్చి 1861లో లాండవరీ పట్టణమున అచ్చువేసిరి. అప్పుడు తల్లియు, కుమారులును ఒకే అట్టల నడుమ కలిసికొనిరి.

మద్వై చర్చిలో ఒక స్మారకశిల కలదు. 1719లో మరణించిన డేవిడ్ జోన్స్, 1739లో మరణించిన జాన్ జోన్స్ అను శస్త్రవైద్యుల పేర్లు దానిపై చెక్కబడియున్నవి. రివాలన్ పరంపరలో కడపటివారు వీరేయని స్థానికులు విశ్వసింతురు. అట్లైనచో ఒక్క కుటుంబమున వైద్యవిద్య అయిదు వందల యేండ్లు సాగినది.

శతపథ బ్రాహ్మణ కథయును ఇట్లే ముగియును. ఊర్వశిని పోగొట్టుకొన్న పురూరవునకు గంధర్వులు యజ్ఞాగ్నిని ఇచ్చిరి. అరణిని మథించి అగ్నిని పుట్టించు విధమును నేర్పిరి. గంగ శంతనునకు దేవవ్రతుని ఇచ్చిపోయెను. సరస్సు కన్య మూలికల విద్య ఇచ్చిపోయెను. పోగొట్టుకొన్నది ఒక్క యింటిది, మిగిలినది లోకమునకు. ఇట్టి కథలను అల్లిన పల్లెజనులు నష్టమును దాచలేదు, తీపి మాటలతో కప్పలేదు. భర్తకు భార్య తిరిగి రాలేదు. ఆ తరువాత అతడేమైనది కథ చెప్పదు.

మూడు దెబ్బలలో ఏదియు నొప్పి కలిగించినది కాదు. నొప్పి కలిగియుండిన అతడు మొదటి దెబ్బతోనే మేల్కొనియుండును. నొప్పి లేనందుననే మూడు వఱకు వచ్చెను. నాలుగెద్దుల నాగలి కొండపై గీచిన చాలును చూపి, ఆ దేశపు తాతలు మనుమలకు చెప్పినది ఈ సంగతియే.